పాప పేరు మీద వచ్చిన సొమ్ము

మాకు హిందూపురంలో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. కింద అంగడి, మిద్దె మీద కాపురం. మా ఆయన, నేను, మా ఒక్కగానొక్క పాప. వీధి చివరి ఇంట్లో ఒక లెక్కల మాస్టారు ట్యూషన్లు చెప్పేవాడు. మా పాపతో సహా మా వీధి పిల్లల్లో సగం మంది సాయంత్రమైతే ఆయన వసారాలోనే ఉండేవాళ్లు. ఆయన అంగడి ముందు నుంచి పోతుంటే మా ఆయన కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టేవాడు.

పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఎండాకాలం గౌను కింద ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టింది. ఉక్కపోతకు చెమట కారుతున్నా విప్పేది కాదు. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే దాని నడుము దగ్గర వరసగా పెట్టిన పిన్నీసుల్లో ఒకటి నా వేలికి గుచ్చుకుంది. ఎందుకని అడిగితే జారిపోతోందని చెప్పింది. కొత్త ఎలాస్టిక్ వేసి కుట్టిచ్చాను. మరుసటి రోజు మళ్లీ పిన్నీసులు పెట్టుకుంది.

సెలవులకు ధర్మవరంలో మా అమ్మ దగ్గర దింపిరావడానికి తీసుకుపోతున్నాను. బస్సు పెనుకొండ దాటింది. అప్పటిదాకా కిటికీలోంచి కొండను చూస్తున్న పాప నా వైపు తిరిగింది.

"మా, నేనొక మాట చెప్తే నాయన అంగడి మూసేస్తారా?"

"ఎవరు మూసేది?"

"పోలీసోళ్లు. సారు చెప్పినాడు. నేను ఎవురికన్నా చెప్తే నాయనను పట్టుకపోయి అంగడికి బీగం వేస్తారంట."

బస్సు నిండా జనం. నేను తల వంచి నా చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది ఆమెది. చెబుతున్నంతసేపూ ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకునే ఉంది. నేను "ఊఁ" అంటూనే ఉన్నాను. ఆపితే మళ్లీ చెప్పదేమోనని భయం. వింటూ ఉంటే నా గుండె ఆగిపోతుందేమోనని ఇంకో భయం. ధర్మవరంలో దిగాక బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూలబడిపోయాను. పాప నా సంచీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

మా అమ్మ ఒక్కతే ఉంటుంది, మగ్గాలు ఎక్కువగా ఉండే వీధిలో. వంటింట్లో నేను చెప్పింది విని కిటికీ మూసింది. పక్కింటి మగ్గం టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"ఎవురికీ చెప్పద్దు. ఆడపిల్ల," అంది మొదట.

కాసేపటికి తనే మళ్లీ, "చెప్పకుంటే వాడు రేపు ఇంగో పిల్లను కూచోబెట్టుకుంటాడు గదే," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మా ఆయన ఫోను అందుకోగానే అంగడి మూసి వచ్చేశాడు. విన్నాడు. పెరట్లో కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. లోపలికి వచ్చి, "పోదాం పా, స్టేషనుకు," అన్నాడు.

మమ్మల్ని ఎలా చూస్తారోనని నేను వణికిపోయాను కానీ, పాప దగ్గరికి వచ్చిన ఎస్సై మామూలు చీరలో వచ్చిన ఆడమనిషి. మా అమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని, ముందు పాప బొమ్మల పుస్తకం గురించి మాట్లాడి, ఆ తర్వాత అడిగింది. ఆసుపత్రి అయింది. మేజిస్ట్రేటు ముందు చెప్పడం అయింది. మాస్టారిని పట్టుకున్నారు. మా వీధిలో ఎవరి పాప అన్నది బయటికి రాలేదు. ట్యూషనుకు పోయే ఆడపిల్లలు చాలామంది కాబట్టి, ప్రతి ఇంటివాళ్లూ పక్కింటి వైపు చూశారు.

కొన్నాళ్లకు అతనికి బెయిలు వచ్చింది. మా వీధిలోకి రాకూడదని షరతు పెట్టారు. అయినా అతని భార్య, భార్య తమ్ముడు ఆ ఇంట్లోనే ఉన్నారు. పొద్దున అంగడి తలుపు ఎత్తితే ఆ ఇంటి గేటు కనిపిస్తుంది. పాపను ఇక ఆ వీధికి తేలేదు. ధర్మవరంలోనే బడిలో చేర్పించాం. నేను వారంలో సగం అక్కడ, సగం హిందూపురంలో. పాప నిద్రలో లేచి తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చేది. పక్క తడిపేది. చిన్నప్పుడే మానేసిన అలవాటు. తడిసిన దుప్పటిని తనే చుట్టి మంచం కింద దాచేది.

కోర్టువాళ్ల న్యాయ సహాయం తరఫున మాకొక లాయరమ్మను ఇచ్చారు. నడివయసు మనిషి. కేసు అనంతపురంలో, పిల్లల కేసులు చూసే కోర్టులో ఉంది. మొదటిసారి కలిసినప్పుడే ఆమె పరిహారం సంగతి ఎత్తింది.

"పాపకు గవర్నమెంటు నుంచి పరిహారం వస్తుందమ్మా. కేసు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. ఇప్పటి అవసరాలకు కొంత ముందే ఇప్పించమని కోర్టును అడగచ్చు. నేను పిటిషను వేస్తాను."

మా ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. "వద్దు మేడం. మాకు ఆ దుడ్లు వద్దు. ఊర్లో తెలిస్తే బిడ్డను పెట్టుకుని సంపాయించినారంటారు."

"మీకు కాదు సార్, పాపకు."

"ఎవురికైనా వద్దు. ఆ దుడ్లు ఇంట్లోకి వస్తే నాకు అన్నం దిగదు."

లాయరమ్మ అతనితో వాదించలేదు. నా వైపు తిరిగి, "పాప నిద్రపోతాందా?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను. దుప్పటి సంగతి ఆమెకు చెప్పాను. మా ఆయనకు అది అప్పటిదాకా తెలియదు. ఆయన నా మొహం చూసి, తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

"అనంతపురంలో పిల్లల మనసు డాక్టరు ఉన్నారు. వారం వారం తీసుకురావాల్సి ఉంటుంది. ఏళ్లు పట్టచ్చు," అంది లాయరమ్మ. "పాపకు జరిగింది మీరొక్కరే మోయాలని ఎక్కడా లేదు సార్."

బయట వేపచెట్టు కింద నిలబడి ఆయన చాలాసేపు స్కూటరు తాళాన్ని అటూ ఇటూ తిప్పాడు. "వెయ్యమను," అన్నాడు చివరికి.

నిజం చెప్పాలంటే, ఆ మాటతోనే నా భయం రెండింతలైంది. అప్పటిదాకా దాగి ఉన్నాం. ఇప్పుడు మా ఇంటి గురించి విచారించడానికి మనుషులు వస్తారు. పేరు బయట పెట్టకూడదని చట్టం ఉందని లాయరమ్మ ఎన్నిసార్లు చెప్పినా, చట్టం మా వీధిలో ఎదురింటి దర్జీ అంగడి ముందు కాపలా ఉండదు కదా అనుకున్నాను. జీపు ఏదైనా వీధిలోకి తిరిగితే చాలు, లేచి అంగడి లోపలికి పోయేదాన్ని.

వచ్చింది జీపు కాదు. ఒకామె చేతిసంచీతో నడుచుకుంటూ వచ్చింది. ఇడ్లీ పాత్ర ఒకటి చేతిలోకి తీసుకుని, మూత తెరిచి, లోపలి పళ్లేలు ఒక్కొక్కటే తీసి చూస్తూ ఉంది. అంగడిలో ఉన్న ఇద్దరు కొనుగోలుదార్లు బేరం తేల్చుకుని పోయేదాకా అలాగే చూసింది. వాళ్లు పోయాక గొంతు తగ్గించి, "కోర్టువాళ్లు పంపినారు, పాప విషయంగా వచ్చినానమ్మా. లోపల కూర్చుందామా?" అంది. ఆ మర్యాదకు నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన సంపాదన, పాప బడి, మందులు, అనంతపురానికి రాకపోకలు అన్నీ అడిగి తెలుసుకుని, వచ్చినంత మామూలుగానే వెళ్లిపోయింది.

అయినా ఎదురింటి దర్జీ భార్య గుమ్మంలోకి వచ్చి అడగనే అడిగింది. "ఎవురక్కా ఆ యమ్మ? అంతసేపు ఉండి ఏమీ కొనకుండానే పాయె?"

"పెళ్లి సామాన్లంట. రేట్లు అడిగి పోయింది," అన్నాను.

పిటిషను కోర్టులో వేస్తే అవతలివాళ్లకూ తెలుస్తుందని నాకు తట్టలేదు. అది పెనుకొండ బస్టాండులో తెలిసింది.

ఆ రోజు హిందూపురం నుంచి వచ్చిన బస్సు పెనుకొండలోనే ఆగిపోయింది, టైరు పంక్చరైందని. ధర్మవరం బస్సు కోసం నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం. చెరుకు రసం బండి దగ్గర నుంచి ఒకతను గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మాస్టారి బావమరిది. తెల్లచొక్కా, నుదుట బొట్టు. నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమక్కా, బాగుండారా? ఎండలో నిలబడితిరే. రసం తాగుతారా?"

నేను సంచీ తీసుకుని రెండడుగులు అవతలికి జరిగాను.

"గవర్నమెంటు దుడ్లకు అర్జీ వేసినారంట గదా. మంచిదే. వాళ్లు ఇచ్చేదానికి మేమూ ఇంగొంచెం కలిపి ఇస్తాం. మీరేమీ అబద్ధం చెప్పద్దు. పాపకు సరిగ్గా గుర్తులేదంటే సాలు. చిన్నపిల్ల గదా, మర్చిపోతాది."

"పక్కకు పో," అన్నాను.

అతను గ్లాసులో మిగిలింది తాగి, మూతి తుడుచుకున్నాడు. "కోపం చేసుకోవద్దక్కా. పాప బాగుండాల, అదే నాక్కావాల్సింది. కొత్త యూనిఫారం బాగా ఒప్పింది. నీలం గీతల గౌను. మధ్యాహ్నం అన్నానికి అవ్వ వస్తాది గదా గేటు కాడికి?"

ఇంత చెప్పి, గ్లాసు బండి మీద పెట్టి, దుడ్లిచ్చి, మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు. ఏ వైపు పోయాడో చూద్దామంటే లారీలు, బస్సులు అడ్డం. హిందూపురం వైపా, ధర్మవరం వైపా?

మా అమ్మకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాను. బడికి చేద్దామంటే నంబరు ఇంట్లో ఉన్న డైరీలో ఉంది. ధర్మవరం బస్సు వచ్చింది. ఎక్కాను. హైవే మీద వేగంగానే పోయింది కానీ, చెన్నేకొత్తపల్లి దగ్గర పక్క రోడ్డుకు దిగాక డ్రైవరు ప్రతి ఊళ్లోనూ ఆపాడు. ఒక ముసలాయన మేకపిల్లను ఎక్కించడానికి కండక్టరుతో వాదం పెట్టుకున్నాడు. నేను లేచి నిలబడి, "పోనీయప్పా, నీకు పుణ్యముంటాది, పోనీ," అని అరిచాను. బస్సంతా నా వైపు చూసింది. తెల్లచొక్కాతో మోటారుసైకిలు ఏది బస్సును దాటి పోయినా కిటికీలోంచి తొంగి మొహం చూసేదాన్ని. పక్కన కూర్చున్న ఒక రైతామె ఏమీ అడగకుండా నా చేయి పట్టుకుంది. ఊరు వచ్చేదాకా వదలలేదు.

బడి గేటు దగ్గరికి పరిగెత్తాను. పాప తరగతి ఖాళీగా ఉంది. ఆటల పీరియడు. మైదానంలో నీలం గీతల గౌన్లు ఎన్నో. మా పాప లేదు. టీచరమ్మను పట్టుకుని కుదిపేశాను.

"వాళ్ల అవ్వ వచ్చి పిలుచుకపోయింది గదమ్మా, కడుపు నొప్పి అంటే," అంది ఆమె.

"అవ్వేనా? మీరు చూసినారా? అవ్వేనా?"

ఇంటికి పోయేసరికి పాప మా అమ్మ మంచం మీద ముడుచుకుని నిద్రపోతోంది. పక్కన వాము నీళ్ల గ్లాసు. అమ్మ ఫోను పప్పుడబ్బా వెనక పడి ఉంది. నేను పాపను లేపలేదు. నేల మీద కూర్చుని, మంచం కోడుకు ఆనుకుని, శబ్దం రాకుండా ఏడ్చాను. ఏం జరిగిందో తెలియకుండానే మా అమ్మ పోయి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది.

ఇంత జరిగాక కేసు వదిలేద్దామని నేనే అన్నాను. పరిహారం వద్దు, కోర్టు వద్దు, ఎక్కడికైనా వెళ్లిపోదాం అన్నాను. అప్పుడు పట్టుబట్టింది మా ఆయన. "ఇప్పుడు వదిలితే బిడ్డ యాడికి పోయినా వాళ్లకు తెలుస్తానే ఉంటాది," అన్నాడు. ఆ సాయంత్రమే లాయరమ్మకు ఫోను చేసి నాచేత జరిగింది జరిగినట్లు చెప్పించాడు. ప్రాసిక్యూటరు కోర్టులో చెప్పారు. పోలీసులు బావమరిదిని పిలిపించారు. ఇంకోసారి మా దరిదాపుల్లో కనిపిస్తే బెయిలు పోతుందని కోర్టు మాస్టారిని హెచ్చరించింది. తర్వాత అతను మా కంటపడలేదు. కానీ ఈ రోజుకీ చెరుకు రసం బండి గంటలు వింటే నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను.

మధ్యంతర పరిహారం మంజూరైంది. ఆ డబ్బు పడ్డ రోజు కూడా నాకు సుఖంగా గడవలేదు. దర్జీ భార్య జాకెట్టు డిజైన్లు చూస్తానని నా ఫోను తీసుకుని వేలితో జరుపుతోంది. టింగుమని మోగింది.

"బ్యాంకోళ్లది ఏందో మెసేజి వచ్చిందక్కా," అంటూ ఫోను నా చేతికిచ్చింది. పాప ఖాతాలో సొమ్ము పడిందని ఉంది. ఆమె చదివిందో లేదో నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత చాలాకాలం ఆమె నవ్వితే, ఎందుకు నవ్విందా అని చూసేదాన్ని. నవ్వకపోతే మరీ భయపడేదాన్ని.

ఆ డబ్బుతో పాప వారం వారం డాక్టరమ్మ దగ్గరికి పోయింది. మొదట్లో ఒక మూల కూర్చుని బయటికి వచ్చేసేది. తర్వాత బంకమట్టితో ఏవేవో చేసేది. ఒకరోజు తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి బత్తలపల్లి నుంచి ధర్మవరం దాకా నిద్రపోయింది. నోరు తెరుచుకుని, గాఢంగా. నేను భుజం కదిలించలేదు. తిమ్మిరెక్కినా కదిలించలేదు.

సాక్ష్యం రోజు వచ్చింది. పాపను జడ్జిగారు వేరే గదిలో, మధ్యలో తెర పెట్టించి, తనే ప్రశ్నలు అడిగారు. అతని మొహం పాపకు కనపడలేదు. నేను పక్కనే ఉన్నాను. చిన్న గొంతుతో, కానీ ఆగకుండా చెప్పింది. నా వంతు మటుకు కోర్టు హాల్లోనే. అవతలి లాయరు నల్లకోటు సర్దుకుని, ఎంతో శాంతంగా అడిగాడు.

"ఈ కేసు పెడితే ప్రభుత్వం డబ్బులిస్తుందని మీకు తెలుసు కదమ్మా?"

"తెలియదు సార్. లాయరమ్మ చెప్పేదాకా తెలియదు."

"ఇప్పుడు తీసుకున్నారు కదా?"

"పాపకు ఇచ్చినారు సార్."

"అంగడి సరిగ్గా నడవడం లేదు. ఆ డబ్బు కోసమే ఒక చదువుకున్న మనిషి మీద ఈ నింద వేశారంటాను."

ఎదుట బోనులో మాస్టారు నిలబడి ఉన్నాడు. ఇదే కదా నేను మొదటి నుంచీ భయపడింది. పదిమందిలో ఈ మాట అనిపించుకోవడం. అది వచ్చేసింది.

"సార్, ఆ డబ్బు వాపసు ఇచ్చేస్తే నా బిడ్డకు జరిగింది జరగకుండా పోతాదా? పోతాదంటే ఇప్పుడే ఇచ్చేస్తా," అన్నాను.

లాయరు కాగితాల్లోకి చూసి, "దట్స్ ఆల్, ఇంక ప్రశ్నల్లేవు," అని కూర్చున్నాడు. నేను మెట్లు దిగి బయటికి వచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

మాస్టారికి శిక్ష పడింది. అప్పీలు వేసుకున్నాడు, అది ఇంకా నడుస్తోంది. అప్పీలు మాట వింటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. తీర్పుతోపాటు మిగతా పరిహారం ఇచ్చారు. దాంట్లో ఎక్కువ భాగం పాప పేరు మీద డిపాజిట్టు. పద్దెనిమిదేళ్లు నిండాకే చేతికి వస్తుంది. మేం హిందూపురం అంగడి అమ్మేసి ధర్మవరం వచ్చేశాం. మా ఆయన ఇప్పుడు పట్టుచీరల అంగడిలో గుమాస్తాగా ఉన్నాడు.

పోయిన నెల బ్యాంకులో డిపాజిట్టు పనికి పాపను వెంట తీసుకుపోయాను. పన్నెండు నిండాయి. నా భుజం దాటింది. బయటికి వస్తుంటే అడిగింది.

"మా, ఇది ఆ సారోళ్లు ఇచ్చిన దుడ్లా?"

"కాదు. గవర్నమెంటు ఇచ్చింది."

"గవర్నమెంటు ఏం తప్పు చేసిందని?"

దీనికేం చెప్పాలో డాక్టరమ్మ నాకు నేర్పలేదు. "చిన్నపిల్లల్ను అందరూ కాపాడాల గదా. కాపాడలేకపోయినందుకు, ఇంగ బాగుండాలని ఇస్తారు."

పాప నా వైపు తిరిగింది. "అట్లయితే నువ్వూ, నాయనా గూడా ఇయ్యాల గదా?"

నా అడుగు ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క సరిచూస్తున్నట్టు అడిగింది, అంతే. నాకు మాత్రం, ఇన్నేళ్లలో ఏ పోలీసు స్టేషనులోనూ, ఏ బోనులోనూ వేయనంత భయం వేసింది. ఇంకా ఏమేం అనుకుంటోందో, ఏవి నాకు చెప్పకుండా దాచుకుందో.

"ఇయ్యాల," అన్నాను. "ఏం కావాల?"

రోడ్డు అవతల బేకరీ వైపు చూసింది. "దిల్‌పసంద్," అంది. ఆ కొబ్బరి రొట్టె కొనుక్కుని, అక్కడే నిలబడి సగం తిని, మిగతా సగం అవ్వకని కాగితంలో చుట్టించుకుంది. ఆటో ఎక్కుదామంటే వద్దంది. ఇల్లు దగ్గరే, నేను నడిచిపోతాను, నువ్వు అంగడికి పోయి నాయనకు క్యారియరు ఇచ్చి రా అంది. తొలిసారి ఒంటరిగా పోతానంటోంది. వద్దనడానికి నోటి దాకా వచ్చిన మాటను మింగాను. ఆమె సందు తిరిగేదాకా చూశాను. తర్వాత మా అమ్మకు ఫోను చేసి, "వస్తాంది, గుమ్మంలో నిలబడు," అని చెప్పాను. "వచ్చేసింది," అని ఆమె అనేదాకా ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు.